డిజైన్, మానవీయ శాస్త్రాల కోర్సులు: నల్లగొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి డిగ్రీ ప్రవేశాలు ముగిసే దాకా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట ప్రాంతాల విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ నన్ను అడుగుతూ వస్తున్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలో ఆర్ట్స్ పాఠాలు చెప్పే అధ్యాపకుణ్ణి. నా దగ్గర చరిత్ర, తెలుగు చదివిన పిల్లల్లో కొందరు డిజైన్ వైపు వెళ్ళారు. వారి వెంట నేనూ ఈ చదువును తెలుసుకుంటూ వచ్చాను. పరీక్షల తేదీలు, ఫీజులు, సీట్ల సంఖ్య ఏటా మారుతుంటాయి కనుక వాటికి ఆయా సంస్థల ప్రకటననే చూడండి. ఏ చదువు దేనికి పనికివస్తుందో, దాన్ని ఎలా ఎంచుకోవాలో మాత్రం ఇక్కడ వివరంగా చెప్తాను.

మనిషి కేంద్రంగా సాగే డిజైన్ అంటే ఏమిటి? బొమ్మలు వేయడమేనా?

ఒక వస్తువును గానీ, యంత్రాన్ని గానీ, దరఖాస్తు ఫారాన్ని గానీ, ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకునే పద్ధతిని గానీ తయారుచేసే ముందు, దాన్ని వాడబోయే మనుషులు ఎవరు, వారి చేతులు ఎలాంటివి, వారి రోజు ఎలా గడుస్తుంది, వారికి ఏ మాటలు అర్థమవుతాయి అన్నది దగ్గర ఉండి తెలుసుకుని, తయారుచేసిన దాన్ని మళ్ళీ వారి చేతికే ఇచ్చి చూసి, తప్పులు దిద్దుకుంటూ పోవడాన్ని మనిషి కేంద్రంగా సాగే డిజైన్ అంటారు. దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. 1999లో ఐఎస్ఓ 13407 పేరుతో వచ్చిన ఆ ప్రమాణం 2010 నుంచి ఐఎస్ఓ 9241-210గా కొనసాగుతోంది, 2019లో దాన్ని సవరించారు. వాడేవారినీ, వారి పనినీ, వారి పరిసరాలనూ స్పష్టంగా అర్థం చేసుకోవాలనీ, తయారీలో మొదటి నుంచి చివరి దాకా వారికి భాగం ఉండాలనీ అది చెప్తుంది.

మా అమ్మ నలభై ఏళ్ళు నాట్లు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఒక కార్యాలయంలో వేలిముద్ర యంత్రం మూడు రోజుల పాటు ఆమెను గుర్తించలేదు, మూడు రోజుల కూలీ పోయింది. యంత్రంలో ఏ లోపమూ లేదని అక్కడి ఉద్యోగి చెప్పాడు, అతను చెప్పింది నిజమే. కాయకష్టం చేసే చెయ్యి ఎలా ఉంటుందో ఆ పద్ధతిని ఆలోచించిన వారెవరూ ముందుగా చూడలేదు. ఆ చూపును నేర్పే చదువు ఇది. బొమ్మ గీయడం అందులో ఒక పనిముట్టు.

మన ప్రాంతంలో దీనికి ఉదాహరణ ఏమైనా ఉందా?

దేశంలో ఎక్కడ పాఠం చెప్పినా నిలబడే ఉదాహరణ మన దగ్గరే ఉంది. పాత నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తయారుచేసిన ఆసు యంత్రం అది. పోచంపల్లి పట్టు చీరకు చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారాన్ని గట్టిగా చుట్టి) రంగులు అద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంలో బిగించిన కొయ్యల చుట్టూ పోయాలి, దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చెయ్యిని సుమారు 9,000 సార్లు ఇటూ అటూ ఆడించాలి, అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే ఆ లెక్క 18,000 దాకా పోతుంది. పద్మశాలి ఇళ్ళలో ఈ పని తరతరాలుగా ఆడవాళ్ళదే, భుజం నొప్పి కూడా వారిదే. మల్లేశం తల్లి లక్ష్మి ఆ నొప్పితోనే ఆసు పోసేది. ఆరేడు తరగతులతో బడి మానేసిన ఆ కొడుకు, తల్లి చెయ్యి కదిలే తీరును చూసి చూసి, ఏళ్ళ తరబడి విఫలమై, అప్పులు చేసి, హైదరాబాద్‌లో పనిచేస్తూ యంత్రాల కదలికలు గమనించి, చివరికి 1999లో యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా మాత్రమే చెప్పుకుంటున్నాం. డిజైన్ చదవదలచినవారు ఇందులో మరో సంగతి గమనించాలి. మగ్గాన్ని వేగవంతం చేయాలనో, చీర ధర తగ్గించాలనో ఆలోచించే వారు అంతకు ముందూ ఉన్నారు. నొప్పి ఎక్కడ ఉందో, ఎవరిదో, ఏ కదలికలో ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టినవాడు మల్లేశం. లెక్కలోకి రాని ఇంటి ఆడవాళ్ళ పనిని ఆయన పనిగా లెక్కపెట్టాడు. ఏ విశ్వవిద్యాలయమైనా మొదటి సంవత్సరంలో నేర్పాలనుకునేది ఇదే.

సాంకేతికత బాగుంటే చాలదా? మనుషుల గురించి ఇంత చదువు ఎందుకు?

దీనికి జవాబు కూడా మన జిల్లా పేరుతోనే ఉంది. బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతిని ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. నీటిలో సున్నం, పటిక తగిన పాళ్ళలో కలిపి, బ్లీచింగ్ పౌడర్ వేసి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలియదిప్పి, మడ్డి అడుగుకు చేరేదాకా తేరనిచ్చి, పైనీటిని వంచుకోవాలి. రసాయన శాస్త్రం ప్రకారం ఇది సరైన పద్ధతి. పదార్థాలు చవక, కరెంటు అక్కర్లేదు, ఇంట్లో బకెట్టుతోనే చేసుకోవచ్చు. టాంజానియా వంటి ఆఫ్రికా దేశాలు కూడా దీన్ని ప్రయత్నించాయి.

కానీ ఇంట్లో ఇది ఎవరి పని అవుతుందో ఆలోచించండి. తెల్లవారకముందే లేచి, వంట ముగించి, నాటుకో కలుపుకో పోవలసిన మనిషి ప్రతిరోజూ పటిక కొలవాలి, నీటిని తిప్పుతూ నిలబడాలి, గంటసేపు తేరనివ్వాలి, మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలో చూసుకోవాలి. బోరు మారితే ఫ్లోరైడ్ పాళ్ళు మారుతాయి, నీటి క్షారత మారుతుంది, దానికి తగ్గట్టు పటిక మోతాదూ మారాలి. మోతాదు తప్పితే నీటి రుచి చెడుతుంది. రుచి చెడిన నీటిని పిల్లలు తాగరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్ మాత్రం కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు, దాని ఫలితం ఏళ్ళ తర్వాత పళ్ళ మీద గార రూపంలోనో, వంగిన నడుము రూపంలోనో బయటపడుతుంది. కనిపించే కష్టం ఈ రోజుది, కనిపించని మేలు ఎప్పటిదో అయినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది రసాయన శాస్త్రం చెప్పలేదు. ఆ సంగతిని మనస్తత్వ శాస్త్రం, మానవ శాస్త్రం, ఇంటి పనుల చరిత్ర చెప్తాయి. ఆ పద్ధతిని కనుగొన్న శాస్త్రవేత్తల మీద నాకు గౌరవమే ఉంది. వారి పక్కన ఇంకొక రకం చదువు చదివిన మనిషి కూడా కూర్చుని ఉండవలసింది అన్నదే నా మాట.

మానవీయ శాస్త్రాలు అంటే ఏ సబ్జెక్టులు? అవి డిజైన్‌కు ఎలా తోడ్పడతాయి?

భాష, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, జానపద విజ్ఞానం, కళలు ఈ కోవలోకి వస్తాయి. సమాజ శాస్త్రం, మానవ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం వీటికి ఇరుగుపొరుగు. మన ఇళ్ళలో వీటన్నిటినీ కలిపి ‘ఆర్ట్స్ గ్రూపు’ అని, కాస్త తక్కువ గొంతుతో అంటుంటారు. ఆ తక్కువ గొంతు నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. భూమి రికార్డుల కోసం ఎవరైనా ఒక మొబైల్ యాప్ తయారుచేస్తున్నారనుకుందాం. పట్టాదారు, పహాణీ (ఏటా రాసే సాగు లెక్క), సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), గెట్టు (పొలం హద్దు) అన్న మాటలు వారికి ఎదురవుతాయి. వీటిలో చాలావరకు నిజాం కాలపు ఉర్దూ, పారసీ పాలనా భాష నుంచి వచ్చి మన రైతు నోట తెలుగైపోయిన మాటలు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరు ఉందా లేదా అన్న ప్రశ్న మీద నేటికీ ఊళ్ళలో తగాదాలు నడుస్తున్నాయి. ఈ చరిత్ర తెలియని డిజైనర్ తెర మీద ఒక గడి గీసి ‘యజమాని పేరు’ అని రాస్తాడు. ఆ ఊరిలో పట్టా ఒకరి పేర, సాగు మరొకరిది, పంపకం నోటిమాట మీద అయి ఉంటాయి. ఆ ఒక్క గడి ముందు రైతు ఏం రాయాలో తోచక ఆగిపోతాడు. ఇక్కడ కావలసింది మరింత అందమైన రంగు కాదు, పాత దస్తావేజు చదవగల మనిషి.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ వస్తువులు వాడారు అని వెతికి, కావ్యాల నుంచీ సామెతల నుంచీ ఆ ఆనవాళ్ళు ఏరి, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. డిజైన్ విద్యార్థి క్షేత్రానికి వెళ్ళి చేసే పనికీ, ఆయన గ్రంథాల మధ్య కూర్చుని చేసిన పనికీ దగ్గరి చుట్టరికం ఉందని నేను నమ్ముతాను. రెండూ రోజువారీ బతుకును శ్రద్ధగా చూడడమే.

అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మనిషి కేంద్రంగా సాగే డిజైన్, ఇంజనీరింగ్ పేరుతోనే ఒక ప్రత్యేక విభాగం ఉంది. 2009లో ఆ పేరు పెట్టుకోవడానికి ముందు అది సాంకేతిక విషయాలను జనానికి అర్థమయ్యేలా రాయడం నేర్పే విభాగం. రాయడం నేర్పే ఒక విభాగం డిజైన్ విభాగంగా ఎదగడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

మన దేశంలో ఈ చదువు ఎప్పుడు మొదలైంది?

భారత ప్రభుత్వం ఆహ్వానం మీద వచ్చిన అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదికలో, తాము ఈ దేశంలో చూసిన వస్తువులన్నిటిలో మామూలు చెంబును ఎంతో మెచ్చుకున్నారు. చెయ్యి ఎంత, నెత్తిన పెట్టుకుంటే నిలుస్తుందా, చంకన ఒదుగుతుందా, నీరు ఎలా ఒలుకుతుంది, తోమడం ఎలా అన్న ప్రశ్నలకు ఎన్నో తరాలు కలిసి ఇచ్చిన జవాబుగా వారు దాన్ని చూశారు. ఆ నివేదిక ఫలితంగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. 1969లో బొంబాయి ఐఐటీలో పారిశ్రామిక డిజైన్ కేంద్రం మొదలైంది. మనం ఓటు వేసే ఎలక్ట్రానిక్ యంత్రానికి ఆకృతి ఇచ్చింది ఆ కేంద్రపు అధ్యాపకులే. చదువు రాని ఓటరు కూడా గుర్తు చూసి, పక్కనున్న మీట నొక్కి, దీపం వెలిగిందని రూఢి చేసుకుని రావచ్చు. రూపాయి గుర్తును రూపొందించిన ఉదయ కుమార్ అక్కడే తమిళ అక్షరాల రూపాల మీద పరిశోధన చేశారు. 2010లో ప్రభుత్వం ఆ గుర్తును స్వీకరించింది.

నేను హెచ్‌ఈసీ చదివాను. డిజైన్ కోర్సుకు అర్హత ఉంటుందా?

ఉంటుంది. ఐఐటీల్లో బీ.డెస్. (డిజైన్‌లో డిగ్రీ) కోర్సుకు రాసే యూసీడ్ పరీక్షకు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ ఏ గ్రూపువారైనా అర్హులే. వయోపరిమితి ఉంది, వరుసగా వచ్చే రెండు సంవత్సరాల్లో రెండుసార్లకు మించి రాయడానికి వీల్లేదు. బొంబాయి ఐఐటీ నిర్వహించే ఈ పరీక్ష సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తు గడువు అంతకు ముందే ముగుస్తుంది. మన విద్యార్థులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఇంటర్ పరీక్షలు అయ్యాక చూద్దామనుకుంటే సంవత్సరం పోతుంది, కనుక రెండో సంవత్సరం దసరా సెలవులకల్లా ప్రకటన చూసి ఉండాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడెక్కడ చదవవచ్చు?

సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది. బీ.డెస్., ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) రెండూ అక్కడ చదవవచ్చు. అదే ప్రాంగణంలో లిబరల్ ఆర్ట్స్ విభాగం కూడా ఉండడం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే డిజైన్ విద్యార్థి పక్క భవనంలోకి వెళ్ళి సమాజ శాస్త్రం అధ్యాపకులతో మాట్లాడగలగాలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌తో పాటు మానవ శాస్త్రాలను ఐదేళ్ళ జంట డిగ్రీగా చదివే అవకాశం ఉంది, దానికి యూజీఈఈ అనే ప్రత్యేక పరీక్ష రాయాలి, గణితం తప్పనిసరి. మాదాపూర్‌లోని జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ (నిఫ్ట్)లో వస్త్రాలు, ఫ్యాషన్ రంగాల కోర్సులు ఉన్నాయి. చిత్రకళ, అనువర్తిత కళల కోసం జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని జాతీయ డిజైన్ సంస్థ కూడా మనకు దూరమేమీ కాదు.

మానవీయ శాస్త్రాల కోసమైతే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ముందు చెప్తాను. ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ళ సమీకృత ఎం.ఏ.లో చేరవచ్చు, అందుకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. జానపద సంస్కృతి అధ్యయనానికి అక్కడ ప్రత్యేక కేంద్రమే ఉంది. భాషల మీద ఆసక్తి ఉన్నవారికి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), తెలుగు మీద పని చేయదలచినవారికి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి.

ఊరు విడిచి వెళ్ళే వీలు లేదు. మా జిల్లాలోనే చదివితే ఈ దారి మూసుకుపోతుందా?

మూసుకుపోదు, కాస్త పొడవవుతుంది. నల్లగొండలో 2007లో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. వాటి పరిధిలోని డిగ్రీ కళాశాలల్లో దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారా బి.ఏ.లో చేరి, చరిత్ర, తెలుగు, సమాజ శాస్త్రం వంటివి చదువుకోవచ్చు. పీజీకి సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పొలమో, దుకాణమో చూసుకుంటూ చదవవలసిన వారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

డిగ్రీ తర్వాత ఎం.డెస్. కోసం సీడ్ పరీక్ష రాయవచ్చు. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ళ డిగ్రీ ఉంటే ఆ పరీక్షకు అర్హత లభిస్తుంది, దానికి వయోపరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. అయితే పరీక్ష రాసే అర్హత వేరు, సంస్థలో చేరే అర్హత వేరు. కొన్ని సంస్థలు నాలుగేళ్ళ డిగ్రీనో, ఎం.ఏ.నో అడుగుతాయి. మూడేళ్ళ బి.ఏ. తోనే అన్ని తలుపులూ తెరుచుకుంటాయని ఎవరైనా చెప్తే నమ్మకండి, చేరదలచిన సంస్థ నిబంధనను ముందే చదవండి.

తెలుగు మాధ్యమంలో చదివినవారు నెగ్గుకురాగలరా?

యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, తరగతులూ అంతే. ఇందులో దాచవలసిందేమీ లేదు. మొదటి రెండు సెమిస్టర్లు కష్టంగా గడుస్తాయి, ముఖ్యంగా చేసిన పనిని అందరి ముందు నిలబడి వివరించవలసినప్పుడు. ఇంటర్ రెండేళ్ళూ రోజుకు ఒక పేజీ ఇంగ్లిష్ చదివి, దాని సారాంశాన్ని సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాస్తే ఈ కష్టం సగం తగ్గుతుందని నా విద్యార్థుల అనుభవం.

అదే సమయంలో, క్షేత్రానికి వెళ్ళిన రోజున లెక్క తిరగబడుతుంది. అచ్చంపేట పక్కన చెంచుపెంటలో తేనె తీసే మనిషితోనో, వలసపోయి వచ్చిన పాలమూరు మేస్త్రీతోనో మాట్లాడవలసి వచ్చినప్పుడు, ఎవరిని ‘పెద్దనాయన’ అనాలో, ఎవరిని ‘అక్కా’ అనాలో, ‘ఏమో బిడ్డా’ అన్న మాటలో ఎంత అభ్యంతరం దాగి ఉందో తెలిసిన విద్యార్థికి దొరికే సమాచారం, ప్రశ్నల పట్టిక పట్టుకుని వచ్చిన మరొకరికి దొరకదు. ఈ తెలివిడిని మీ బలంగా లెక్కించుకోండి.

నాకు బొమ్మలు గీయడం రాదు. అయినా రాయవచ్చా?

రాయవచ్చు. యూసీడ్‌లో గీయవలసిన భాగం ఉన్నా, ఎక్కువ మార్కులు మొదటి భాగానివే. అందులో ఆకారాలను మనసులో తిప్పి చూడగలగడం, పరిశీలన, తర్కం, భాష, పర్యావరణం, సమాజం వంటి అంశాలు ఉంటాయి. గీత ఆలోచనను చెప్పగలిగితే చాలు, అందం అభ్యాసంతో వస్తుంది. ముగ్గు వేసే చెయ్యికి కొలత, సమత అప్పటికే తెలుసు.

తరగతిలో ఏం చేయిస్తారు?

మొదట్లో రంగు, ఆకారం, పదార్థం, అక్షర రూపాలు నేర్పుతారు. ఆ తర్వాత చదువంతా ప్రాజెక్టుల చుట్టూ తిరుగుతుంది. ఒక సమస్యను తీసుకుని, దానితో బతికేవారి దగ్గరకు వెళ్ళి, చూసి, విని, రాసుకుని, రాసుకున్నదాన్ని గోడ మీద అతికించి, పొంతనలు వెతికి, అట్టతోనో కాగితంతోనో కలపతోనో ఒక నమూనా చేసి, తీసుకుపోయి చూపించి, వారు కాదన్నదాన్ని మార్చి మళ్ళీ చేస్తారు. 1970లలో స్వీడన్, నార్వే వంటి దేశాల్లో కార్మిక సంఘాలతో కలిసి యంత్రాలను రూపొందించిన పద్ధతిని కూడా చదివిస్తారు. వాడేవారు సలహా ఇచ్చే దగ్గర ఆగిపోకుండా నిర్ణయించేవారిలో ఒకరు కావాలన్నది ఆ పద్ధతి మూలసూత్రం.

ఒక్క విషయంలో మాత్రం ఈ కోర్సుల తీరు నాకు నచ్చదు. రెండు రోజుల్లో పది మందిని ప్రశ్నించి ఒక ఊరిని అర్థం చేసుకున్నామనుకునే తొందర కొన్ని తరగతి గదుల్లో కనిపిస్తుంది. మానవ శాస్త్రం చదివినవారు ఒక ఊళ్ళో ఒక వ్యవసాయ కాలమంతా ఉండి వస్తారు. అంత సమయం డిజైనర్‌కు దొరకకపోవచ్చు, కానీ తనకు తెలియనిది ఎంత ఉందో గుర్తుండాలంటే ఆ చదువు రుచి చూసి ఉండాలి. అందుకే ఐచ్ఛిక సబ్జెక్టు ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు మరో సాఫ్ట్‌వేర్ కోర్సు వైపు పోకుండా చరిత్రనో, మానవ శాస్త్రాన్నో, భాషా శాస్త్రాన్నో తీసుకోమని నా దగ్గరకు వచ్చిన ప్రతి విద్యార్థికీ చెప్తాను. సాఫ్ట్‌వేర్ మూడేళ్ళలో మారుతుంది, అప్పుడు మళ్ళీ నేర్చుకోవచ్చు.

మాది మగ్గం ఇల్లు. బిడ్డ డిజైన్ చదివితే మగ్గానికి దూరమవుతుందా?

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక కుటుంబాల నుంచి ఈ ప్రశ్న వస్తుంది, దాని వెనుక భయం న్యాయమైనదే. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసే గద్వాల నేర్పు గానీ, నూనెలో నానబెట్టిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలు నేర్పు గానీ ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకవు. అది ఇంట్లో, చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి ఉన్న పిల్లలు డిజైన్ చదివితే, నమూనా గీసేవారు వేరు, నేసేవారు వేరు అన్న గీత చెరిగే వీలుంది. 2024లో హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది, కనుక డిప్లొమా కోసం మునుపటిలా వెంకటగిరి దాకా పోనక్కర్లేదు. బడి సెలవుల్లో బిడ్డను మగ్గం దగ్గర కూర్చోనివ్వండి, ఆ పని చదువుకు అడ్డు కాదు.

ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్, వైద్య పరికరాల సంస్థల్లో యూజర్ రీసెర్చర్ (వాడేవారిని పరిశీలించేవారు), ఇంటరాక్షన్ డిజైనర్ (తెరతో, పరికరంతో మనిషి వ్యవహరించే తీరును రూపొందించేవారు), సర్వీస్ డిజైనర్ (ఒక సేవ అందే పద్ధతిని రూపొందించేవారు), యూఎక్స్ రైటర్ (యాప్ తెర మీద కనిపించే మాటలు రాసేవారు) అన్న పేర్లతో కొలువులు ఉంటాయి. ప్రభుత్వ పథకాల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, మ్యూజియాలు, ప్రచురణ సంస్థలు కూడా తీసుకుంటాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వెబ్‌సైట్లు, యాప్‌లు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది కనుక ఆ వైపు పని పెరుగుతుంది. తెలుగులో కనిపించే బ్యాంకు యాప్‌లు తెరిచి చూస్తే, యంత్రం అనువదించిన మాటలను మనిషి ఒక్కసారైనా చదివి ఉంటే బాగుండేదనిపిస్తుంది, తెలుగు బాగా తెలిసిన యూఎక్స్ రైటర్ చేయవలసిన పని అక్కడ ఎంతో ఉంది.

కొలువు ఇచ్చేవారు మార్కుల కన్నా పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల సంకలనం, చూస్తారు. ఒట్టి బి.ఏ. పట్టాతో నేరుగా డిజైన్ కొలువు రావడం కష్టం. చేసిన ప్రాజెక్టులు రెండు మూడైనా చూపించాలి. మానవీయ శాస్త్రాలు చదివినవారికి బోధన, పాత్రికేయం, గ్రూప్స్, సివిల్స్ దారులు ఎటూ తెరిచే ఉంటాయి.

ఖర్చు భరించగలమా? ప్రైవేటు డిజైన్ సంస్థలను నమ్మవచ్చా?

ప్రభుత్వ సంస్థల్లో ఫీజు ఎంతో, ఏ వర్గానికి ఎంత మినహాయింపో ప్రవేశ ప్రకటనలోనే ఉంటుంది. రాష్ట్ర కళాశాలల్లో చేరేవారు ఈపాస్ ద్వారా ఉపకార వేతనానికి దరఖాస్తు చేసుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలను మీసేవలో ముందే తీసి ఉంచండి, ప్రవేశాల రోజుల్లో అక్కడ రద్దీ ఎక్కువ. విద్యా రుణానికి విద్యాలక్ష్మి పోర్టల్ ఉంది. విదేశీ చదువుకు అంబేద్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో విద్యానిధి పథకాలు ఉన్నాయి.

ప్రైవేటు సంస్థ విషయంలో ఒకే ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి: చివర్లో ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయపు డిగ్రీ? ఆ విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో మీరే చూడండి. సర్టిఫికెట్ కోర్సుకు డిగ్రీ స్థాయి ఫీజు కట్టి, రెండేళ్ళ తర్వాత పీజీకి అర్హత లేదని తెలుసుకున్న ఒక రైతు కుటుంబాన్ని నేను ఎరుగుదును. ఎకరం భూమి పోయింది.

పరీక్షకు ఇంకా ఏడాది ఉంది. ఇప్పటి నుంచి ఏం చేయాలి?

కోచింగ్‌కు పోయే ముందు ఒక నోటుబుక్కు కొనండి. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల స్వయం పోర్టల్‌లోనూ, బొంబాయి ఐఐటీ నడిపే డీసోర్స్‌లోనూ డిజైన్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, వారానికి ఒకటి చూడండి. మిగిలిన సమయమంతా చుట్టూ చూడడానికి పెట్టండి.

నల్లగొండ బస్టాండులోనో, మహబూబ్‌నగర్ బస్టాండులోనో ఒక గంట కూర్చుని, బోర్డు చదివి బస్సు ఎక్కినవారు ఎందరు, పక్కవారిని అడిగి ఎక్కినవారు ఎందరు, ఎవరు ఎవరిని అడిగారు అని రాసుకోండి. మరో వారం రేషన్ దుకాణం ముందు, ఇంకో వారం పీహెచ్‌సీ మందుల కిటికీ దగ్గర నిలబడండి. మాట్లాడే ముందు ఎందుకు వచ్చారో చెప్పి, అనుమతి అడగండి, ఫోటో వద్దంటే తీయకండి. మీ నానమ్మ చీకట్లో సైతం తడుముకోకుండా తీసుకోగల వస్తువులు వంటింట్లో ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ఆ వంటిల్లు పటం గీయండి, గీత వంకరపోయినా పరవాలేదు. ఒక్కొక్క పేజీ కింద తేదీ వేసి, ఆ రోజు మీరు అనుకున్నదేమిటో, చూశాక మారినదేమిటో రెండు వాక్యాలు రాయండి. ఏడాది తర్వాత, మీరు చేరదలచిన చోట మౌఖిక పరీక్ష ఉంటే, ఆ నోటుబుక్కును వెంట తీసుకుపోండి.